బాలాపరాధులు - మనస్సును కొలుచు కొలబద్ద

నేరస్వభావము పుట్టుకతో వచ్చునని, పుర్రె, దవడ, చెవుల తీరునుబట్టి దానిని గుర్తింపవచ్చునని ఇటలీ వైద్యుడు చెజారే లోంబ్రోజో 1876లో వాదించెను. అంతకు ముందే, 1871లో, మన దేశమున ఒక చట్టము కొన్ని కులములకు కులములనే నేరస్థజాతులని ముద్రవేసినది. 1911లో అది మదరాసు రాజధానికి వర్తించెను. బాపట్ల చెంతనున్న స్టూవర్టుపురము ఆనాటి ఎరుకల సెటిల్‌మెంటే. 1952లో గాని ఆ చట్టము రద్దు కాలేదు.

పిమ్మట శాస్త్రజ్ఞులు ముఖమును విడిచి మనస్సును కొలువబూనిరి. సానుభూతి గాని పశ్చాత్తాపము గాని లేక, పరులను వంచించుటకు జంకని స్వభావమును సైకోపతీ అందురు. దీనిని అమెరికా వైద్యుడు హెర్వీ క్లెక్లీ 1941లో వివరముగా వర్ణించెను. ఆ వర్ణనను ఆధారము చేసికొని కెనడాకు చెందిన రాబర్టు హేర్ 1980లో ఒక కొలబద్దను రూపొందించెను. 12 మొదలు 18 ఏండ్ల వారికై దాని ప్రత్యేకరూపము 2003లో వెలువడినది. అందు 20 అంశములు గలవు. ఒక్కొక్కదానికి 0, 1, లేక 2 మార్కులు, మొత్తము 40.

ఈ కొలబద్ద అన్ని జాతుల పిల్లలను ఒకే తీరున కొలుచునా? ఇదియే మన ప్రశ్న. 2004లో అమెరికాలో 21 పరిశోధనలను కూర్చి చూడగా, నల్లవారికి తెల్లవారికి నడుమ భేదము ఒక మార్కుకైనను రాలేదు. 2006లో యువకులను గూర్చిన పరిశోధనలను మాత్రమే కూర్చి చూడగా, నల్లజాతివారి సగటు సుమారు ఒకటిన్నర మార్కులు హెచ్చుగా తేలినది. అయితే ఈ ఫలితము అన్ని పరిశోధనలలోను ఒక్క తీరుగా లేదు.

ఆ ఒకటిన్నరను ఎట్లు అర్థము చేసికొనవలెను? ఇరవై అంశములలో కొన్ని పిల్లవాని పూర్వనేరములకు సంబంధించినవి. పోలీసులు పదేపదే తిరుగు పేటలో ఆకతాయి పని సయితము రికార్డుకెక్కును. మరొక పేటలో అదే పని తండ్రి మందలింపుతో ముగియును. అట్టిచో ఆ అంకె పిల్లవాని మనస్సునే కాక, వాని వీధిని గూడ కొలిచినట్లగును.

యౌవనారంభమున చపలత సహజము. కావుననే ఈ కొలబద్దను నిర్మించినవారు సయితము ఇన్ని మార్కులు దాటిన బాలుడు సైకోపతియని గీత గీయలేదు. అట్టి ముద్ర తగదని హెచ్చరించిరి. పుర్రెల కొలతకంటె ఇది మేలైన సాధనమే. కాని న్యాయాధిపతి చేతికి ఆ కాగితము చేరునప్పుడు, దానిపై నున్న అంకెతోపాటు ఈ హెచ్చరికయు చేరవలెనని మా మనవి. ఒక ముద్ర చెరిగిపోవుటకు మన దేశమున ఎనుబదియొక్క ఏండ్లు పట్టినది గదా!