సుళ్లు చూసినవాళ్లు, లద్దె చూసినవాళ్లు

సాళువ నరసింహరాయలు చచ్చిన గుర్రానికి కూడా డబ్బిచ్చేవాడట. ఓర్ముజు నుంచి వచ్చే ఓడలో గుర్రం చనిపోతే వర్తకుడు దాని తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదాని ధరే దక్కేది: వెయ్యి వరాహాలకు మూడు. ఈ మాట రాసిన పోర్చుగీసు నూనిజ్ తానూ గుర్రాల బేరగాడే. విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని కూడా అతనే రాశాడు.

ఏటేటా అన్నేసి దేనికి? యుద్ధాలు సరే. ఇంకో కారణం అంతకు రెండు వందల ఏళ్ల ముందే మార్కోపోలో చెప్పాడు. పాండ్యుల తీరంలో రాజు ఏటా రెండు వేలకు పైగా కొంటే, ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగిలేవి కావట. వాటికి అన్నం, మాంసం వండి పెట్టేవాళ్లట. గుర్రపు వైద్యం తెలిసినవాడు అక్కడ లేడు, అమ్మేవాళ్లు రానిచ్చేవాళ్లూ కారు. గుర్రాలు బతికితే మళ్లీ కొనేదెవరు? లెక్కలో కొంత అతిశయం ఉండొచ్చు గానీ, బేరగాళ్ల బుద్ధి మాత్రం నాకు నమ్మబుద్ధవుతుంది.

శాస్త్రం లేక కాదు. శాలిహోత్రుడి పేరు మీద సంస్కృతంలో అశ్వవైద్యం ఉంది. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసం రాశాడు. అయితే ఈ లక్షణ గ్రంథాల చూపు ఎక్కువగా రంగు మీద, సుళ్ల మీద, అవయవాల పొందిక మీద ఉంటుంది. కొనేవాడికి పనికొచ్చే చదువది. కొన్న మర్నాటి నుంచి కావాల్సిన చదువు సాయిసులది, జట్కావాళ్లది. వాళ్లు పుస్తకాలు రాయలేదు. హంపీ హజారరామ గుడి ప్రాకారం మీద గుర్రాల వరుసలున్నాయి, వాటిని నడిపించుకుపోయే మనుషులూ ఉన్నారు. చూడవచ్చినవాళ్లు గుర్రాలకే ఫొటోలు తీసుకుంటారు.

మా దాదా గుంటూరులో జట్కా తోలాడు. తెల్లారకముందే కొట్టంలోకి వెళ్లి ముందు లద్దె చూసేవాడు, తర్వాత దాణా తొట్టి, ఆ తర్వాతే గుర్రం మొహం. లద్దె ఉండలుగా పడి, కింద తగలగానే విచ్చుకుంటే ఆ పూటకు దిగుల్లేదు. తొట్టిలో ఉలవలు మిగిలితే మాత్రం బండి కట్టడం ఆలస్యమే. రాత్రి నానబెట్టి ఉడికించిన గుగ్గిళ్లు పూర్తిగా చల్లారితే గానీ పెట్టనిచ్చేవాడు కాదు. గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది లోపలే తేలాలి. అది ఊరికే డొక్క వైపు తిరిగి చూస్తున్నా, ముందు కాలితో నేల గీరుతున్నా కడుపు శూల పట్టినట్టే.

ఎడమ భుజం వైపు నుంచి, ఏదో ఒకటి మాట్లాడుతూ దగ్గరికెళ్లాలి. ఏం మాట్లాడినా ఫరవాలేదు; దాదా ఎక్కువగా బాకీదార్లను తిట్టేవాడు. గడ్డి మెలిపెట్టి మెడ నుంచి వీపు దాకా మాలీసు చేస్తుంటే, మెడ మొదట్లో ఒకచోట చెయ్యి పడగానే పైపెదవి ముందుకు సాగి వణికేది. చెవులు పక్కలకు వాలిపోయేవి. అదే చెవులు వెనక్కి తలకు అంటుకుపోతే దాదా చెయ్యి తీసేసి, అక్కడ నొప్పుందేమో వెతికేవాడు. ఒక వెనక్కాలు కొస మీద ఆనించి నిలబడితే విశ్రాంతి. ముందుకాలు అలా ముందుకు చాపి నిలబడిందా, లాడం విప్పి చూడాల్సిందే.

బండి కట్టేముందు కళ్లెం పట్టుకుని వీధి చివరిదాకా నడిపించేవాడు. ఆపి, నాలుగడుగులు వెనక్కి వేయించేవాడు. రోజూ వేసేది ఆ రోజు మొరాయిస్తే పొగరని కొట్టేవాళ్లు స్టాండులో చాలామంది ఉండేవాళ్లు. దాదా ముందు తోలుపట్టీ కింద రాపిడి పుండుందేమో చూసేవాడు, తర్వాత గిట్టలో రాయి. అలాగని ఆయన్ని మహాత్ముణ్ణి చేయను. సినిమా వదిలే వేళ నలుగురెక్కాల్సిన బండిలో ఆరుగురిని ఎక్కించేవాడు.

బండి లాగే జంతువులను రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి, మధ్యలో విశ్రాంతి లేకుండా అయిదు గంటలకు మించి పని చేయించకూడదని 1965లో నిబంధనలొచ్చాయి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా అసలు కట్టకూడదు. గుంటూరు వేసవిలో అది మంచి నిబంధనే. అప్పటికే రిక్షాలు జట్కాల బేరం లాగేస్తున్నాయి, తర్వాత ఆటోలు మిగిలింది ఊడ్చేశాయి. లాడాలు కొట్టేవాళ్లు ఎడ్లకు మళ్లారు. ట్రాక్టర్లతో ఆ పనీ పల్చబడింది. ఇప్పుడు ఊళ్లో గుర్రమంటే పెళ్లి ఊరేగింపులదే. దాన్ని కొనబోయేవాళ్లు ఇప్పటికీ ముందు నుదుటి మీద సుడి ఎక్కడుందనే అడుగుతారు.