తడిగుడ్డ కాలం నుంచి ప్రెషర్ రెగ్యులేటరు దాకా

మన పిల్లల్లో కొందరు కార్లకు బయట కొన్న ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటరు బిగించాలని మాట్లాడుకుంటున్నారు. ప్రెషర్ పెంచితే బండి ఇంకా పరుగెత్తుతుందని వాళ్ళ లెక్క. ఆ చిన్న డబ్బా ఎందుకు పుట్టిందో తెలిస్తే ఆ లెక్క మారుతుంది. అందుకే ఈ చరిత్ర రాస్తున్నాను.

మొదట్లో పెట్రోలుకు ప్రెషర్ అనే మాటే లేదు. ట్యాంకు పైన, కార్బురేటరు కింద, అంతే. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారులో సీటు కింద ట్యాంకు ఉండేది. నిట్టనిలువు ఎత్తు వస్తే పెట్రోలు ముందుకు రాక, కొందరు బండిని వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించేవాళ్ళు. మన హోసూరులో 1980లో తయారీ మొదలైన టీవీఎస్ 50 కూడా ఆ పద్ధతే. దానికి పంపు లేదు, ఒక ట్యాపు చాలు.

కార్లలో ట్యాంకు వెనక్కి పోయాక పంపు వచ్చింది. ప్రీమియర్ పద్మినిలో అది ఇంజనుకే అతుక్కుని ఉండేది. దాని ప్రెషర్ చదరపు అంగుళానికి 3 నుంచి 5 పౌండ్లు, మెకానిక్కుల మాటలో పీఎస్‌ఐ. కృష్ణగిరి నుంచి హోసూరుకు సుమారు 50 కిలోమీటర్లు, ఎత్తు 300 మీటర్లకు పైగా పెరుగుతుంది. ఎండాకాలం ఆ దారి ఎక్కేటప్పుడు ఇంజను వేడికి పైపులో పెట్రోలు ఆవిరై బండి ఆగిపోయేది. ఆవిరిని పంపు నెట్టలేదు. అప్పుడు డ్రైవరు బండి ఓరగా ఆపి, పంపు మీద తడిగుడ్డ వేసి, చల్లారేదాకా కూర్చునేవాడు.

దీనికి విరుగుడుగా కొందరు ట్యాంకు దగ్గర కరెంటు పంపు పెట్టించారు. ఆవిరి బాధ తగ్గింది, ఇంకో బాధ వచ్చింది. పంపు ప్రెషర్ ఎక్కువైతే కార్బురేటరులోని చిన్న సూది దాన్ని ఆపలేదు. పెట్రోలు పొంగి వేడి ఇంజను మీద పడితే మంటే. అందుకని పంపుకూ కార్బురేటరుకూ మధ్య రెగ్యులేటరు పెట్టడం మొదలైంది. అంటే అది వచ్చింది ప్రెషర్ పెంచడానికి కాదు, హద్దులో ఉంచడానికి.

1967లో బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను ఫోక్స్‌వాగన్ కార్లలో తెచ్చింది. అక్కడ ప్రెషర్ 30 పీఎస్‌ఐ దాకా పోయింది. రెగ్యులేటరు పని మన పాత ఆవిరి ఇంజను బాయిలరు మీద ఉండే సేఫ్టీ వాల్వు లాంటిదే. స్ప్రింగు పట్టి ఉంచుతుంది, ప్రెషర్ హద్దు దాటితే దారి వదులుతుంది. బాయిలరులో మిగులు ఆవిరి గాలిలోకి పోతుంది, ఇక్కడ మిగులు పెట్రోలు తిరిగి ట్యాంకుకు పోతుంది.

మన దేశంలో 1999 సుప్రీంకోర్టు ఆదేశం, 2000 నాటి పొగ నిబంధనల తర్వాత కార్లలో కార్బురేటరు పోయి ఇంజెక్షన్ వచ్చింది. 2020లో బీఎస్ 6 వచ్చాక మన ఊరి కంపెనీ ఎక్స్‌ఎల్ 100 మోపెడ్‌కు కూడా ఇంజెక్షన్ పెట్టింది. ట్యాపుతో మొదలైన ఊరు 40 ఏళ్ళలో అక్కడికి చేరింది.

ఇక పిల్లలకు నా మాట. పెట్రోలు ఎక్కువ పోసినంత మాత్రాన బలం రాదు, దానికి తగ్గ గాలి కావాలి. లేకుంటే ప్లగ్గులు మసిబారతాయి, మైలేజీ పడిపోతుంది, సైలెన్సరు దారిలోని కన్వర్టరు వేడెక్కి పాడవుతుంది. ఇప్పటి చాలా కార్లలో రెగ్యులేటరు ట్యాంకు లోపలే ఉంది, బయట ఇంకోటి అక్కరలేదు. పాత బండికి నిజంగా కావాలంటే ఇంజను చల్లారాక, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, లైనులో ప్రెషర్ వదిలేసి పని మొదలుపెట్టించండి. పెట్రోలుకు తగిన హోసు, క్లాంపులే వాడాలి. వేడి సైలెన్సరు పైపుకు దూరంగా బిగించాలి. గేజీ లేకుండా స్క్రూ తిప్పనివ్వకండి. వ్యాక్యూమ్ గొట్టం ఉన్న రకమైతే దాన్ని ఊడదీసి, మూతి మూసి, అప్పుడు సెట్ చేయాలి. చివర్లో ప్రతి జాయింటూ తడిమి చూడాలి. ఒక్క చుక్క కారినా బండి కదపవద్దు.

తడిగుడ్డ కాలం చూసిన పెద్దలు మన సంఘంలో ఇంకా ఉన్నారు. ఆ దారిలో మీ బండి ఎక్కడ ఆగేదో, ఎట్లా కదిలించేవారో రాయండి. పిల్లలు చదువుతారు.