జోడీ లేని కోలలు

మహారాష్ట్రలోని భివండిలో ఎన్నో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయిన సంగతి ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. తుక్కు వ్యాపారి లారీ సందు మొదట్లో ఆగడం, నిన్నటిదాకా అన్నం పెట్టిన ఇనుము కిలోల లెక్కన తూకానికి పోవడం అక్కడి పద్మనగర్, కామత్‌ఘర్ పేటలవాళ్లు కళ్లారా చూసినవే. ముగింపు తెలిసిన కథ ఇది. అయినా ఆ ముగింపు దాకా నడిచేవాళ్లు మాఘమాసంలో ఒక రోజు దగ్గర కాసేపు ఆగాలి.

మాఘ శుద్ధ తదియ. పద్మశాలీల కులదైవం మార్కండేయుడి జయంతి. మగ్గం కూడు పెట్టని రోజుల్లో సిరిసిల్ల నుంచి, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి తరలివచ్చిన కుటుంబాలకు అది పెద్ద పండగ. సాంచాకు రాత్రీ పగలూ లేవు. పన్నెండు గంటలు ఒకడు, పన్నెండు గంటలు ఇంకొకడు. ఖోలీలో ఇద్దరికీ కలిపి ఒకటే చాప. ఒకడు లేచిన వెచ్చదనం ఆరకముందే రెండోవాడు నడుం వాల్చేవాడు. కార్ఖానా గుమ్మంలో తప్ప ఏడాదంతా ఒకరి ముఖం ఒకరు తీరిగ్గా చూసుకోని మనుషులు. ఆ రోజు మోటార్లు ఆగేవి. కార్మికులు తినే బిస్సీ భోజనశాలలో అందరూ ఒకే బంతిన కూర్చునేవారు. పొద్దువాలాక డప్పులు మోగేవి. దేవుడి ఊరేగింపు ముందు తెల్లచొక్కాల కుర్రాళ్లు కోలాటం కోలలు పట్టి వలయం కట్టేవారు. రాత్రి పాళీవాడికి ఎదురుగా పగటి పాళీవాడు.

నూనె రాసి దువ్వినా చెవి వెనక నూలు నూగు ఇంకా అంటుకునే ఉండేది. వంటి మీది చొక్కా బజారులో కొన్నది. తాము నేసిన ముడిగుడ్డ రంగులద్దే ఊళ్లకు ఎప్పుడో వెళ్లిపోయింది. సాంచాల మోతకు చెవులు సగం పోయినవాళ్లకు పాట సరిగా వినపడేది కాదు. ఎదుటివాడి మణికట్టు చూసి, అడుగు చూసి తాళం అందుకునేవారు. అయినా కోలకు కోల తప్పేది కాదు.

వినపడనిది పాట ఒక్కటే అయితే బాగుండేది.

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెంట రెండున్నర లక్షల మంది బొంబాయి మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆ ఏటి జయంతి వచ్చింది. మిల్లుల పని భివండికి మళ్లింది, మిల్లులు వదిలించుకున్న పాత సాంచాలూ ఇటే చేరాయి. ఇక్కడ కోలలు జోరందుకుంటుంటే అక్కడ బొంబాయి మిల్లుల పేట గిరణ్‌గావ్‌లో పొయ్యిలు ఆరిపోతున్నాయి. కూలి గిట్టుబాటు కాదని అక్కడ లేచిపోయిన పెట్టుబడి ఇక్కడ మాత్రం కలకాలం కూర్చుంటుందా? ఈ ప్రశ్న ఆనాడు ఒక్క చెవిన పడినా!

నిలబడే దారి అసలే లేకపోలేదు. 1999లో కేంద్రం వడ్డీ రాయితీతో ఆధునికీకరణ రుణాలు తెచ్చింది. నాడె (షటిల్) అక్కర్లేని కొత్త యంత్రాలు పెట్టుకోవచ్చు. కానీ సాంచాలు నడిపే చిన్న ఆసామికి షెడ్డు కిరాయిది, చేతిలో కాగితం లేదు, మార్జిన్ సొమ్ము లేదు. ఆ కాస్త పూచీ ఎవరైనా పడి ఉంటే! 2005 జనవరి 1న ప్రపంచ వస్త్ర వ్యాపారంలో కోటాలు పోయాయి. ఏళ్ల ముందే తెలిసిన తేదీ అది. ఆ లోపు ఈ చిన్న ఆసాములను సిద్ధం చేసినవాళ్లు లేరు. 2016 నవంబర్ 8 రాత్రి పెద్దనోట్లు రద్దయితే, చేతికి నోట్లిచ్చి పగార్ తీర్చే ఊళ్లో పగారే ఆగింది. మరుసటి జూలైలో జీఎస్టీ. ఇన్నిన్ని లెక్కలు రాయలేని ఆసామి ముందు రాత్రి పాళీ మానేశాడు, తర్వాత సగం సాంచాలు అమ్మేశాడు.

2020 మార్చి 25. కోవిడ్ లాక్‌డౌన్. ఏ పండగకూ ఆగనంత కాలం సాంచాలు ఆగాయి. రాత్రి పాళీవాడూ పగటి పాళీవాడూ ఒకే వేళ మేలుకుని ఉన్నారు. చాప ఒక్కటే. బిస్సీ పొయ్యి వెలగలేదు. ఏడాదికి ఒక్కసారి దొరికే ఆ కలయిక ఇప్పుడు ఎన్ని రోజులు కావాలంటే అన్ని రోజులు దొరికింది, కూలి లేకుండా, కూడు లేకుండా. చివరికి మూటలు నెత్తిన పెట్టుకుని చాలామంది నాసిక్ హైవే ఎక్కారు. ఇన్నేళ్ల జోడీలు సెలవు చెప్పుకోవడానికి కూడా ఎంతసేపు నిలబడ్డారో!

వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి వచ్చారు. వాళ్ల పిల్లలు ఇప్పుడు మాన్‌కోలీ వైపు గోదాముల్లో పెట్టెలు ఎత్తుతున్నారు. జయంతి వస్తుంది, దేవుడు ఊరేగుతాడు. సెలవు మాత్రం ఎవరి డ్యూటీ చార్టును బట్టి వాళ్లకు, ఒకరికి ఉంటే ఇంకొకరికి ఉండదు. పదహారేళ్ల ఆయుష్షే రాసిపెట్టి ఉన్న మార్కండేయుణ్ణి యముడి పాశం నుంచి దక్కించుకున్న కథ చెప్పుకునే కులం ఇది. తమ పనికి అలాంటి వరం కోసం వీళ్లు ఎక్కని గడప లేదు.

ఆగిన సాంచాలకు లెక్క కట్టేవాళ్లు ఉంటారు, తుక్కుకైనా ధర ఉంటుంది. ఊరంతా ఒకేసారి పని ఆపి ఒకరి ముఖం ఒకరు చూసుకున్న ఆ ఒక్క రోజుకు పరిహారం అడగడానికి మాత్రం ఏ దరఖాస్తులోనూ గడి లేదు. అందుకే దాని కోసం మనమే ఏడవాలి.