'మ' అంకెలుగా మారిన కథ

విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే రైలుమార్గంలో మందిర్ హసౌద్ అనే స్టేషన్ ఉంది. ఆ పేరును తెలుగులో రాసి మీ కంప్యూటరులో ఒక ఫైలుకు పెట్టారనుకోండి. గిట్‌ను ఫైళ్ల జాబితా అడిగితే, 'మ' అక్షరానికి బదులు 340, 260, 256 అనే అంకెలు కనిపించవచ్చు! ఫైలు పాడైందా? లేదు. మరి ఎందుకిలా?

ప్రోగ్రాములో ఎప్పుడు ఏ మార్పు జరిగిందో భద్రపరిచే సాధనాన్ని 1972లో బెల్ లేబరేటరీస్‌లో మార్క్ రోచ్‌కైండ్ తయారుచేశాడు. ఆ కోవలోనిదే 2005లో లినక్స్ కోసం లైనస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్.

కంప్యూటర్లకు చాలాకాలం ఆధారం 1963 నాటి ఆస్కీ సంకేతం. అందులో 128 గుర్తులే ఉన్నాయి. తెలుగుకు చోటు లేదు. 1991లో యూనికోడ్ మన లిపికి స్థానమిచ్చింది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి. ఇవన్నీ ఆస్కీ హద్దు దాటినవే. అలాంటి బైట్లను గిట్ 'అసాధారణం'గా లెక్కగట్టి, 8 ఆధారంగా ఉండే అంకెల్లో చూపుతుంది.

దీనికి మందు సెట్టింగుల ఫైలులోనే ఉంది. 'కోర్' విభాగంలో 'కోట్‌పాత్' విలువను 'ఫాల్స్' చేయండి. ఈ మార్పు కంప్యూటరు మొత్తానికి, మీ ఒక్కరికి లేదా ఒక్క ప్రాజెక్టుకే చేసుకోవచ్చు. మూడింట్లోనూ వేర్వేరు విలువలుంటే ప్రాజెక్టుదే చెల్లుతుంది.

ఎవరి లిపి 'సాధారణం' అన్నది యంత్రం నిర్ణయించదు. ఎవరో ముందుగా రాసిపెట్టిన ఒక్క పంక్తి నిర్ణయిస్తుంది. ఆ పంక్తిని మీరూ మార్చగలరు!