కామాటి యింటి సిపాయి తాత: వంశచరిత్రాధారములపై ఒక పరిశీలనము

కామాఠీపురములోని పాత తెలుగు కుటుంబముల వారిని మీ పూర్వు లెవరని ప్రశ్నించినచో ఒక సమాధానము తరచుగా వినవచ్చును: "మా ముత్తాత ఊర్ల ఎవుసం జేసెటోడు, దండుల గూడ ఉండెనట." వర్లీ చాళ్ళలోను, ధారావిలోను గూడ ఈ మాటయే కొద్ది మార్పులతో వినబడును. ఏ దండు, ఏ దొర, ఏ యేడు అని మరల నడిగినచో పెద్దలు నవ్వి యూరకుందురు. పిల్లలు దీనిని కట్టుకథ యనుకొందురు. నా యభిప్రాయమున నిది కట్టుకథ కాదు. కాని యందలి 'దండు', 'సిపాయి' అను మాటలను మన మిప్పటి యర్థమున గ్రహించుటవలననే చిక్కు వచ్చుచున్నది.

ముందుగా దూరదేశపు సంగతి యొకటి చెప్పవలెను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధమున పోరాడినవారిలో అనేకులు జీతపు సైనికులు కారు. నాగలి దున్నుకొను రైతులు. పిలుపు వచ్చినపుడు తుపాకి భుజమున వైచుకొని కొన్ని మాసములు కాపు కాసి, కోతలనాటికి ఇల్లు చేరుకొనెడివారు. 1832 జూన్ 7వ తేదీ శాసనముచే, ఆరు మాసములకు తక్కువకాకుండ సేవించిన గ్రామసేనలవారికి గూడ పింఛను లభించినది. దానికై ప్రతి వృద్ధుడును న్యాయస్థానమున నిలువబడి తానెక్కడ పుట్టెనో, ఎవరి క్రింద పనిచేసెనో, తన వయస్సునకు వ్రాతమూలకమైన ఆధార మేమున్నదో చెప్పవలసివచ్చెను. వారి వితంతువులు వివాహమును నిరూపించుటకై ఇంటి బైబిలులో వ్రాసికొన్న పుటలను చించి పంపిరి. ఆ కాగితములన్నియు నిలిచియున్నవి. అందుచే నేటి అమెరికా కుటుంబీకుడు తన యాఱవ తరము రైతు మాటలను, ఆ రైతు చెప్పిన రీతినే చదువుకొనగలుగుచున్నాడు. మన రైతు సిపాయి నెవ్వరు నట్లు నిలబెట్టి అడుగలేదు.

మనవారికి 'సిపాయి' అను మాట కనీసము మూడు తెఱగుల వర్తించినది. మొదటిది కుంఫిణీ కవాతు సిపాయి. 1757లో ప్లాసీ యుద్ధమునకు క్లైవు వెంట మద్రాసునుండి పోయిన సిపాయిలను బట్టి ఉత్తరదేశమున సిపాయి యనగా 'తిలంగా' యను పేరు స్థిరపడెను. కాని 1857లో ఢిల్లీ ప్రజలు తిలంగాలని పిలిచినది అవధు, బీహారు సీమలవారిని. కనుక పాత వ్రాతలలో 'తిలంగా' యని కనబడినంతమాత్రాన అతడు తెలుగువాడని సంబరపడరాదు. ఇంటిలో వెండి పతకమేదైన నున్నచో దాని అంచును మాత్రము శ్రద్ధగా చూడవలెను. 1803 మొదలు 1826 వరకు జరిగిన యుద్ధములకై 1851లో ప్రకటింపబడిన పతకములపై సిపాయి పేరును పటాలమును అంచున చెక్కిరి. అప్పటికి బ్రదికియున్నవారికే అవి దక్కినవి.

రెండవ తెగవారే అమెరికా రైతునకు నిజమైన జ్ఞాతులు. దక్షిణ మహారాష్ట్ర, కర్ణాటక సీమలలో 'శేత్ సనదీ' యని యొక పద్ధతి యుండెను. శేత్ అనగా పొలము, సనదు అనగా పట్టా. పొలము ననుభవించుచు, అందుకు మారుగా ఊరి కావలి, కోట కావలి చేయుట, అవసరమైనపుడు ఆయుధము పట్టుట వారి ధర్మము. తెలంగాణ గ్రామములలో పటేలు వెంట తిరిగిన 'సేత్‌సింధీ' పేరు దీని రూపాంతరమే యని నాకు తోచుచున్నది. కత్తి పోయి కర్ర మిగిలినది, పేరు మాత్రము నిలిచినది. రాయలసీమలో నిట్టివారిని కట్టుబడి బంట్రోతు లనిరి. మన్రో 1800 నుండి 1807 వరకు దత్తమండలములను పాలించి పాళెగాండ్ర బలమును తొలగించిన పిదప వీరికి పని తగ్గెను. తరువాతి కాలమున మాన్యములకును ముప్పు వచ్చెను. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానాపై పడినపుడు ఆయన వెంట నడిచినవారిలో ఈ కట్టుబడులు ముఖ్యులు. ఆయనకు నెలకు రావలసినది 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణము. వారికి పోవుచున్నది తాతలనాటి చేను. 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఉరితీసి, శిరస్సును కోట బురుజుపై 1877 వరకు వ్రేలాడదీసిరి. నాయకుని కథ పాటలలో నిలిచినది. ఆయన వెంట నడిచిన సేద్యగాండ్ర వంశము లేమైనవో వారి వారి యిండ్లలోనే వెదకవలెను.

మూడవవాడు మన కామాటి. తెలుగున కామాటి యనగా పలుగు పార పట్టి శ్రమించువాడు. పూర్వపు దండులు కదలవలెనన్న బాట కొట్టువారు, గుడారము లెత్తువారు, మోతలవారు వేలకొలది కావలెను. వారు తుపాకి పట్టకున్నను దండులోనివారే. బొంబాయిలో 1780 దశకమున హార్న్‌బీ కట్ట సముద్రపు పోటు నాపిన తరువాత ఎండిన పల్లపునేలపై, నిజాము రాజ్యమునుండి వచ్చిన ఈ కామాటులు స్థిరపడుటచే కామాఠీపుర మేర్పడెను. ఊరివారు ఆ పేరు వినగానే మరియొక వ్యాపారమును తలచి పెదవి విఱుతురు. పేటకు పేరు పెట్టినది పలుగుపట్టిన చేయి యని మన పిల్లలకైన తెలియవలెను.

ఇక వంశమును పట్టుకొనుటకు సూత్రమేది? ఇంటిపేరు. మహాత్మా జోతీరావు ఫూలే 1873లో సత్యశోధక సమాజమును స్థాపించినపుడు దానికి ముద్రణయంత్రమును సమకూర్చిన బొంబాయి తెలుగు పెద్దలు రామయ్య వెంకయ్య అయ్యవారు, నర్సింగరావు సాయిబు వడ్నాల, వ్యంకు బాళాజీ కాలేవార్ అనువారు. ఈ పేర్లను నిదానముగా చదువుడు. 'వ్యంకు' మన వెంకు. 'కాలేవార్' లోని చివరి 'వార్' మన గౌరవార్థకమైన 'వారు' కాక మరేమి? విదర్భలోను, మరాఠ్వాడాలోను 'వార్' అంతముగా గల అనేక గృహనామము లిట్టివే. ముందుండవలసిన ఇంటిపేరు వెనుకకు పోయినది. కాని మధ్య తండ్రిపేరు చేరినది. వంశచరిత్రకారునకు ఈ మరాఠీ మర్యాద గొప్ప మేలు చేసినది. ఒక్కొక్క పేరులో రెండు తరము లిమిడియున్నవి. తాత పేరు మనుమనికి పెట్టు మన యాచారము దీనితో కలిసినపుడు బాళాజీ వ్యంకు, వ్యంకు బాళాజీ యని తరములు మాఱుమాఱుగ వచ్చును. ఇద్దరిని ఒక్కనిగా లెక్కించు పొరపాటు జరుగును. 'సాయిబు' అను తండ్రిపేరు చూచి మతము మాఱినదని భ్రమింపరాదు. పీర్లకు మ్రొక్కుకొని సాయిలు, పీరయ్య, మొగులయ్య యని పేర్లు పెట్టుట తెలంగాణమున నేటికిని కలదు.

స్వగ్రామమున వెదకువారు కాగితములకంటె ముందు నోళ్ళను వెదకవలెను. కాపులకు పిచ్చుకుంట్లవారు, పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గొల్లలకు మందహెచ్చులవారు గోత్రములను వంశములను చెప్పు హక్కుదారులు. ఏ యూరు ఎవరి వంతో వారిలో వారికి పంపకములుండెను. వారు దాతను పొగడుటకు రాజులను, ఋషులను చేర్చుట నిజమే. ఆ భాగమును వదలి చివరి నాలుగైదు తరముల పేర్లను మాత్రము గ్రహింపవలెను. మన సంచికలలో ప్రతి వంశమును కాకతీయుల సేనానికి ముడివేయు నుత్సాహము చూచినపుడు నాకు ఈ పిచ్చుకుంట్లవారే నయమనిపించును; వారు పొగడ్తకు కూలి యడిగిరి, చరిత్ర యనలేదు. పిదప కాగితములు: మొదటి సాలారుజంగు సంస్కరణల తరువాత జరిగిన భూమాపనమున పుట్టిన సేత్వారు, 1954–55 నాటి ఖాస్రా పహాణీ. బొంబాయికి వచ్చినవాని పేరు వీనిలో లేకున్నను, ఊర నిలిచిన అన్నదమ్ముల పేర్లు దొరకవచ్చును.

ఇదంతయు ఆలస్యము చేయరాని పని. 1920 దశకమున కట్టిన వర్లీ చాళ్ళు కూలుచున్నవి. వాని స్థానమున మేడలు లేచుచున్నవి. ఇల్లు మాఱునపుడు మొదట పాఱవేయబడునది పాత రేకుపెట్టె.

పెత్రమాసనాడు పెద్దలకు బియ్యమిచ్చునపుడు ఇంటి యజమాని తండ్రి, తాత, ముత్తాతల పేర్లను అయ్యగారికి చెప్పును. తల్లి, అవ్వల పేర్లను గూడ చెప్పుదురు. మఱచిపోకుండుటకై ఆ పేర్లను చిన్న చీటీపై వ్రాసికొని దేవుని గూటిలో దాచుకొను ఇండ్లున్నవి. రాబోవు పెత్రమాసకు ఆ చీటీకి నకలు వ్రాసి, ప్రతి పేరు ప్రక్క ఊరి పేరు గూడ చేర్చుడు.