అక్షరము తప్పిన కాసులు

అంగడిలో పేరుగల సరకు పక్కనే దానిని పోలిన మరియొక సరకు కూర్చుండుట మనమందరము చూచినదే. పెట్టె రంగు అదే, బొమ్మ అదే. పేరులో మాత్రము ఒక అక్షరము అటునిటైనది. కొన్నవారు ఇంటికి వచ్చి, తీరికగా చదువుకొని నవ్వుదురు. తయారుచేసినవానికి నవ్వింపవలెనను తలంపు లేదు. అందుచేతనే ఆ నవ్వు అంత గట్టిగా వచ్చును. ఈ వినోదము నేటి యంత్రశాలలతో పుట్టినది కాదు. దాని చరిత్ర 2000 ఏండ్లకు తక్కువ కాదు. అందలి తొలి పుటలు కొన్ని మన నేలలోనే దొరకినవి.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమను సామ్రాజ్యపు వర్తకులు మిరియములకును, ముత్యములకును, సన్నని నూలు వస్త్రములకును మారుగా బంగారు, వెండి నాణెములను మన దేశమునకు తెచ్చిరి. ఏటేట 5 కోట్ల సెస్టర్సుల ధనమును భారతదేశము లాగుకొనుచున్నదని ప్లినీ అను రోమను పండితుడు వాపోయెను. ఆ నాణెములు ఆంధ్రదేశమున పలుచోట్ల బయల్పడినవి. వానితోపాటు, ఇక్కడనే తయారైన వాని నకళ్ళును బయల్పడినవి.

ఇక్కడి అగసాలికి లాటిను భాష రాదు. చక్రవర్తి తల చుట్టునున్న అక్షరములు అతని కంటికి ఒక అంచు నగిషీ మాత్రమే. కనుక అతడు వానిని చదువలేదు, చూచి చెక్కెను. ఆ చెక్కుటలో అక్షరములు నిలువుగీతలుగను, సున్నలుగను, కొక్కెములుగను మారిపోయినవి. చక్రవర్తి ముఖము ఒకవిధముగా కుదిరినది. ఆయన ఘన బిరుదములు మాత్రము పసిపిల్లవాని పలకమీది వ్రాతవలె తేలినవి.

ఇంతకంటె చౌక సరకును కలదు. ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపురమున శాతవాహనుల కాలపు పట్టణము త్రవ్వకములలో బయటపడినది. అచట దొరకిన వస్తువులలో రోమను నాణెముల పోలికతో మట్టిలో అచ్చొత్తిన బిళ్ళలు కలవు. త్రాట గ్రుచ్చుకొనుటకు వానికి చెవులును ఉన్నవి. క్రీ.శ. 14 మొదలు 37 వరకు రోమునేలిన టైబీరియసు రూపము కూడ ఇట్టి బిళ్ళలపై కెక్కినది. బంగారు కాసు కొనలేని ఇల్లాలు మట్టి కాసుతో ముచ్చట తీర్చుకొని యుండును. ఆమె మెడలో వ్రేలాడుచున్నది ఎవరో ఆమెకు తెలియదు; తాను ఎచట వ్రేలాడుచున్నాడో ఆ చక్రవర్తికిని తెలియదు!

ఇది దూరదేశపు లిపి నెరుగని మనవారి పొరపాటు మాత్రమే అనుకొన నక్కరలేదు. ఇంగ్లాండులోని మెర్సియా రాజ్యమును 757 నుండి 796 వరకు ఏలిన ఆఫా రాజు పేర ఒక బంగారు నాణెము పుట్టినది. దానికి మాతృక అబ్బాసీ ఖలీఫా అల్ మన్సూరు కాలపు దీనారు. దానిపై హిజరీ 157, అనగా క్రీ.శ. 773–774 నాటి తేదీ కలదు. పనివాడు అరబ్బీ వ్రాతను చాలవరకు శ్రద్ధగానే దించెను. అందు మహమ్మదు ప్రవక్త అల్లా పంపిన దూత యను వాక్యమును చేరినది. నడుమ లాటినులో ‘ఆఫా రాజు’ అని చెక్కెను. అయితే అరబ్బీ వ్రాత నిలువుగా నుండగా రాజుగారి పేరు తలక్రిందులైనది. ఒక క్రైస్తవ రాజు తానెరుగకయే ఇస్లాము మత విశ్వాసమును తన పేర ప్రకటించెను. ఆ నాణెము నేడు బ్రిటిషు మ్యూజియమున కలదు.

మరల మన దక్షిణాపథమునకు వత్తము. వెనిసు నగరము 1284లో డ్యూకాటు అను బంగారు నాణెమును ముద్రించెను. అది సుమారు మూడున్నర గ్రాముల మేలిమి. 1797లో ఆ గణరాజ్యము అంతరించువరకు దాని రూపము దాదాపు మారలేదు. ఒకవైపున వెనిసు పాలకుడు మోకరిల్లి పునీత మార్కు చేతినుండి ధ్వజము నందుకొనుచుండును. కాసు మనవారికి ధనమును, నగయును గదా! ఈ డ్యూకాటు కూడ నగలలో చేరెను. ఇచటి అగసాలులు దానికిని నకళ్ళు చేసిరి. లాటిను మరల గీతలైనది. తిరువాన్కూరు ప్రాంతమున జనులు ఆ బొమ్మను చూచి, నడుమనున్న ధ్వజస్తంభమును చెట్టుగా భావించి, గీతపనివాడు కల్లుకై ఎక్కుచున్నాడని నిశ్చయించి, కాసునకు ఆ పేరే పెట్టిరి. వెనిసు ప్రభువు అధికార స్వీకారము ఇట్లు కల్లుగీత యైనది.

ఈ నకళ్ళను చూచి మనము నవ్వుదుము. కాని ఒక సంగతి గమనింపదగును. అక్షరము తప్పిన ఆ డ్యూకాటు నకళ్ళలో కొన్ని మంచి బంగారముతోనే చేసినవి. కొనువారు కోరినది తళుకును, తూకమును. లాటిను పాఠము కాదు. అవి దొరకినవి. పాఠము తప్పినందువలన ఎవరికిని నష్టము లేదు. మోసగాని పని ఇందుకు వేరు. రోములోనే లోపల రాగి, పైన పలుచని వెండి పొర గల దేనారీలు చెలామణి యైనవి. వానిపై ముఖమును అక్షరములును పలుమారు చక్కగా నుండెడివి. తప్పు కడుపులో నుండెడిది. అట్టి దొంగనాణెమును పరీక్షించి నేర్చుకొనుటకై జనులు దానికి అనేక మంచి నాణెములు చెల్లించి కొనుచుండిరని ప్లినీయే వ్రాసెను. అసలుకంటె నకిలీకి ధర హెచ్చిన చిత్రమిది!

కనుక పేరులో అక్షరము తప్పిన సరకు తన గుట్టు తానే చెప్పుచున్నది. చదువు వచ్చినవానికి అది హెచ్చరికయు నగును. అక్షరము తప్పని నకిలీ సంగతియే ఆలోచింపవలసినది. నకిలీ మందుపెట్టె మీద తప్పు దొరకునని నమ్మి యుండరాదు. అచట నవ్వుకును తావు లేదు. ఈ కారణము చేతనే భారత ప్రభుత్వము 2023 ఆగస్టు 1 నుండి 300 పేరుపొందిన మందులపై బార్‌కోడు గాని క్యూఆర్ కోడు గాని ఉండవలెనని నియమించెను. కంటితో పోల్చుకొనుట చాలదని దీని భావము. రోమను పౌరుడు నాణెమును రాతిపై మోగించి వినెను. మనము మందుపెట్టె మీది గుర్తును ఫోనుతో చదివించి చూడవలెను. ఆ పని చేసిన పిమ్మట, పక్క అంగడిలోని తప్పుపేరు సరకును చూచి నిశ్చింతగా నవ్వుకొనవచ్చును.