ఆప్టిన్యూరిన్

ఆప్టిన్యూరిన్ కణాల్లో సంకేతాల ప్రసారాన్ని అదుపుచేసే అడాప్టర్ ప్రోటీన్. మనిషిలో ఇది 577 అమైనో ఆమ్లాల గొలుసు. ఎంజైమ్‌లా స్వయంగా రసాయన చర్య జరపదు. ఇతర ప్రోటీన్లను ఒకచోట చేరుస్తుంది, కొన్నిటికి అడ్డుపడుతుంది. దీనిపై హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ)లో విస్తృత పరిశోధన జరిగింది.

ఆవిష్కరణ

1998లో ఒక అడినోవైరస్ ప్రోటీన్‌కు అతుక్కునేదిగా ఇది మొదట బయటపడింది. అప్పుడు ఎఫ్ఐపీ-2 అన్నారు. 2002లో శాస్త్రవేత్త సర్ఫరాజీ బృందం దీని జన్యువులోని మార్పులు కొన్ని కుటుంబాల్లో నీటికాసుల జబ్బుకు, అంటే గ్లాకోమాకు, కారణమని చూపి ఇప్పటి పేరు పెట్టింది. వాటిలో ప్రధానమైనది ఇ50కె: 50వ స్థానంలో గ్లూటమేట్‌కు బదులు లైసిన్ ఉంటుంది. ఈ మార్పు ఉన్నవారిలో కంటి ఒత్తిడి మామూలుగానే ఉన్నా కంటి నరం దెబ్బతినవచ్చు.

సంకేత నియంత్రణ

టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే సంకేత ప్రోటీన్ కణం పైనున్న రిసెప్టర్‌ను తాకగానే లోపల రిప్ అనే ప్రోటీన్‌కు యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ గొలుసులు చేరతాయి. నీమో అనే ప్రోటీన్ ఆ గొలుసులను పట్టుకుంటే, జన్యువులను నియంత్రించే ఎన్ఎఫ్-కప్పాబీ చురుకై వాపుకు సంబంధించిన జన్యువులను నడిపిస్తుంది. అవే గొలుసుల కోసం ఆప్టిన్యూరిన్ నీమోతో పోటీపడుతుందని 2007లో తేలింది. సీసీఎంబీలో ఘనశ్యాం స్వరూప్ బృందం 2009లో మరో మెలిక చూపింది: ఆప్టిన్యూరిన్ ఉత్పత్తిని పెంచేది ఎన్ఎఫ్-కప్పాబీయే. సంకేతం తన కళ్లేన్ని తానే తయారుచేసుకుంటోందన్నమాట. గొలుసులను తెంచే సైల్డ్ అనే ఎంజైమ్ ఈ సంకేతాన్ని అణచాలంటే ఆప్టిన్యూరిన్ తోడు అవసరమని అదే బృందం 2011లో నిరూపించింది. 486వ స్థానంలో మార్పు ఉన్న ఆప్టిన్యూరిన్‌కు సైల్డ్‌తో బంధం బలహీనపడుతుంది.

గ్లాకోమా పరిశోధన

2007లో సీసీఎంబీ, ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి శాస్త్రవేత్తలు కలిసి చేసిన ప్రయోగాల్లో ఇ50కె రకం ఆర్‌జీసీ-5 కణాలను చంపింది. యాంటీఆక్సిడెంట్లు ఆ మరణాన్ని తగ్గించాయి. రెటీనా గాంగ్లియన్ కణాలని అప్పట్లో భావించిన ఆ కణాలు వేరే రకానివని తర్వాత తేలడంతో, ఆ ఫలితాన్ని కంటి నరానికి నేరుగా అన్వయించడం కష్టమైంది.

జబ్బు విస్తృతి ఇదే ఆస్పత్రి 1996–2000 మధ్య చేసిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలో కనిపిస్తుంది. మహబూబ్‌నగర్, ఆదిలాబాద్, పశ్చిమ గోదావరి పల్లెలతోపాటు హైదరాబాద్‌లో 10,293 మందిని పరీక్షించారు. గ్లాకోమా ఉన్నవారిలో అత్యధికులకు తమకు జబ్బున్నట్టే తెలియదు. ఆప్టిన్యూరిన్ మార్పులు మొత్తం కేసుల్లో కొద్దివాటికే కారణం.

తర్వాతి పరిణామాలు

2010లో జపాన్ పరిశోధకులు ఈ జన్యువులోని మార్పులకు ఏఎల్ఎస్ అనే నరాల జబ్బుతో సంబంధం కనుగొన్నారు. కణంలోకి చొరబడిన సాల్మొనెల్లా బ్యాక్టీరియాను, కణం తనలోని అనవసర పదార్థాలను జీర్ణించుకునే ఆటోఫాగీ యంత్రాంగానికి పట్టించేదీ ఆప్టిన్యూరినే అని 2011లో వెల్లడైంది.